వంద వాట్లు కొనేముందు ఒక్క నిమిషం, మామా

నల్లకుంట,
ఆదివారం మధ్యాహ్నం

ఒరేయ్ మామా,

నిన్న ఫోన్‌లో "వంద వాట్ల ఆంప్లిఫయర్ తీసుకోనా, యాభైది సరిపోతుందా, ఒక్క మాటలో చెప్పు" అన్నావు. చెప్పబోయి ఆగిపోయాను. ఇలాగే ఎవరో చెప్పిన ఒక్క మాట విని నేను ట్వీటర్ (స్పీకర్లో సన్నటి శబ్దాలు పలికే చిన్న భాగం) పోగొట్టుకున్నాను. అందుకే కూర్చుని రాస్తున్నా. టీ పెట్టుకుని చదువు, కాస్త పెద్దదే.

పోయినేడు నేను సెకండ్ హ్యాండ్‌లో బుక్‌షెల్ఫ్ స్పీకర్లు కొన్నానని చెప్పాను కదా. వాటికి మా పాత ముప్ఫై వాట్ల ఆంప్ తగిలించాను. "చిన్న ఆంప్ పెడితే సేఫ్, స్పీకర్ కాలదు" అని ఒకాయన చెప్పాడు. నాకూ నిజమే అనిపించింది. మా పాప పుట్టినరోజుకి పిల్లలంతా హాల్లో చేరి తీన్‌మార్ పెట్టమన్నారు. వాల్యూమ్ నాబ్ మూడొంతులు తిప్పాను. శబ్దం పెరగలేదు కానీ గరగరమంది, ఎవడో గొంతు పోయేలా అరుస్తున్నట్టు. పిల్లలకి అదేం పట్టింది! పావుగంట గంతులేశారు.

మర్నాడు పొద్దున పాట పెడితే ఎడమవైపు పాటకి ముసుగేసినట్టుంది. ట్వీటర్ దగ్గర చెవి పెట్టాను. కుడిదాంట్లో తాళాలు గలగలమంటున్నాయి. ఎడమదాంట్లో చప్పుడే లేదు. మల్టీమీటర్ పెట్టి చూస్తే ముల్లు కదల్లేదు.

కోఠీలో గుజరాతీ గల్లీకి పట్టుకెళ్లాను. అక్కడ రిపేరు చేసే పెద్దాయన గోరుతో ట్వీటర్ ముందుభాగం లేపి, కాయిల్‌ని లైటు కింద పెట్టి చూపించాడు. వెంట్రుకంత సన్నటి తీగ, నల్లగా మాడిపోయి ఒకచోట తెగి ఉంది. "ఆంప్ ఎన్ని వాట్లు సార్?" అన్నాడు. ముప్ఫై అన్నాను. "అదే సార్, చిన్నదాన్ని పిండేశారు" అన్నాడు. నాకు నవ్వొచ్చింది. ఆయన నవ్వలేదు.

ఇంటికొచ్చాక నిదానంగా ఆలోచిస్తే తెలిసింది. ఆంప్ ఇవ్వగలిగిన వోల్టేజీకి ఒక హద్దుంటుంది. నాబ్ ఎంత తిప్పినా ఆ హద్దు దాటదు, పాట సిగ్నల్ అలల కొనలు రంపంతో కోసినట్టు చదునైపోతాయి. బాస్ అక్కడే ఆగిపోతుంది, కానీ సన్నటి శబ్దాలు ఇంకా పెరుగుతూనే ఉంటాయి. దానికి తోడు కోసిన అంచుల నుంచి కొత్త సన్నటి శబ్దాలు పుడతాయి. అవన్నీ పోయేది ట్వీటర్‌లోకే. స్పీకర్ మీద వంద వాట్లని రాసున్నా, ట్వీటర్ మోసేది అందులో కొద్ది వాట్లే. కాబట్టి గరగర మొదలైతే నాబ్ వెనక్కి తిప్పు.

ఇక నీ ప్రశ్న. వాట్ల కంటే ముందు నీ స్పీకర్ వెనక లేబుల్ మీద, లేదా దాని పేపర్లో, సెన్సిటివిటీ చూడు. అంటే ఒక్క వాట్ ఇస్తే మీటరు దూరంలో ఎంత గట్టిగా, ఎన్ని డెసిబెల్స్, వినిపిస్తుందో అక్కడ రాసుంటుంది. 85 అనుకో, 91 అనుకో. ఈ ఆరు తేడా చిన్నది కాదురా. మూడు డెసిబెల్స్ పెరగాలంటే వాట్లు రెట్టింపు కావాలి. అంటే 91 స్పీకర్‌కి 25 వాట్లిస్తే వచ్చే శబ్దం, 85 స్పీకర్‌కి వంద వాట్లిస్తే గానీ రాదు. "పెద్ద ఆంప్" అని షోరూమ్ వాడు గుండెలు బాదుకునేముందు ఇది అడుగు.

ఇందులో ఒక మెలిక ఉంది, నేను కూడా బోల్తా పడ్డాను. చాలామంది ఈ కొలతని 2.83 వోల్టుల దగ్గర ఇస్తారు. ఓమ్స్ అంటే కరెంటుకి స్పీకర్ పెట్టే అడ్డు. 8 ఓమ్స్ స్పీకర్‌కి అది సరిగ్గా ఒక వాట్. 4 ఓమ్స్ స్పీకర్‌కి రెండు వాట్లు. అంటే 4 ఓమ్స్ వాడు 88 అని రాసుకున్నా, ఒక్క వాట్ లెక్కన చూస్తే అది 85.

ఓమ్స్ దగ్గరే అసలు గొడవంతా. ఓమ్స్ తగ్గేకొద్దీ స్పీకర్ అదే వోల్టేజీకి ఎక్కువ కరెంటు లాగుతుంది. 8 అని రాసున్న స్పీకరైనా కొన్ని స్వరాల దగ్గర 4కో, ఇంకా కిందకో దిగొచ్చు. ఆంప్ అక్కడ తట్టుకోవాలి. 8 ఓమ్స్‌కి 60 వాట్లు, 4 ఓమ్స్‌కి వంద దాకా ఇస్తానని రాసుకున్న ఆంప్‌కి కండ ఉన్నట్టు. 8 ఓమ్స్ లెక్క చెప్పి 4 ఊసే ఎత్తనివాడిని అనుమానించు. అలాంటిదాన్ని మే నెలలో మన ఎండకి టీవీ యూనిట్ అరలో మూసిపెట్టావంటే వేడెక్కి, లోపల కాపాడే స్విచ్ (రిలే) టక్‌మని పడిపోయి ఆగిపోతుంది. పైన జానెడు ఖాళీ వదులు.

వాట్ల లెక్కల్లో కూడా మాయ చాలా ఉంది. మన చిన్నప్పుడు టేప్‌రికార్డర్ల మీద పీఎంపీవో (అమ్మకం కోసం ఉబ్బించి రాసే వాట్లు) వెయ్యి వాట్లని మెరిసే స్టిక్కర్ ఉండేది, గుర్తుందా? అది లోపల పది వాట్లు ఉన్నా గొప్పే. ఇప్పుడు అదే కథ క్లాస్ డి అనే రకం చిన్న ఆంప్ డబ్బాల మీద నడుస్తోంది. పెట్టె మీద 300 అని ఉంటుంది. తోడు ఇచ్చే అడాప్టర్ 24 వోల్టులు. దాంతో 8 ఓమ్స్ మీద చానెల్‌కి ఎంత పిండినా 36 వాట్లు దాటదు. డబ్బా చెడ్డది కాదు, స్టిక్కరే అబద్ధం. రెండు చానెళ్లూ ఒకేసారి, 20 నుంచి 20,000 హెర్ట్జ్ దాకా, ఇంత డిస్టార్షన్‌తో (శబ్దం చెడిపోయే శాతం) ఇన్ని వాట్లని రాసున్న అంకెనే నమ్ము.

మరి నీకెంత కావాలి? మీ హాలు మా హాలంతే కదా, పన్నెండు బై పదహారు అడుగులు. సోఫా నుంచి స్పీకర్‌కి మూడు మీటర్లు అనుకుందాం. మామూలుగా పాటలు వింటే ఒకటి రెండు వాట్లలోనే గడిచిపోతుంది, నమ్మవు నువ్వు. కానీ మృదంగం తని ఆవర్తనంలో ఒక్క గట్టి దెబ్బ పడిందనుకో, ఆ క్షణానికి దానికి పదింతలు, ఒక్కోసారి ముప్ఫై ఇంతలు కావాలి. ఆ దెబ్బకి చోటుండాలనే పెద్ద ఆంప్ కొనేది, పక్కింటి వాళ్లని లేపడానికి కాదు. 85, 86 సెన్సిటివిటీ స్పీకర్‌కి 60 నుంచి వంద నిజమైన వాట్లు తీసుకో. 90 దాటితే 40 చాలు.

వైరు గురించి కంగారు పడకు. మీటరు వేల రూపాయల వైర్లు చూపిస్తారు, నవ్వుతూ బయటికొచ్చేయ్. మామూలు 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు ఐదు మీటర్లు లాగినా, రానూపోనూ కలిపి నిరోధం 0.07 ఓమ్ దగ్గరే ఉంటుంది. రెండు స్పీకర్లలో ఒకదానికి మాత్రం ఎరుపు నలుపు తారుమారు చేయకు, బాస్ బాగా తగ్గిపోతుంది.

నేను చివరికి 4 ఓమ్స్‌కి 110 ఇచ్చే పాత ఇంటిగ్రేటెడ్ ఆంప్ ఒకటి పట్టాను. నాబ్ గడియారంలో పదింటి ముల్లు దగ్గర ఉంటే చాలు, హాలు నిండిపోతోంది. టైల్స్ మీద శబ్దం గోలగోలగా ఉంటే ఒక జంపఖానా పరిచాను. ఆంప్ మార్చినప్పటికంటే అప్పుడే తేడా ఎక్కువ తెలిసింది. మీ చెల్లెమ్మకి మాత్రం చెప్పకు. ఆంప్‌కి పెట్టిన డబ్బు దండగేనా అంటుంది.

నువ్వు ఇంకా ఏమీ కొనకు. స్పీకర్ వెనక లేబుల్ ఫోటో తీసి పంపు. వచ్చే శనివారం వీలైతే స్పీకర్లని దుప్పట్లో చుట్టి కారు వెనక సీట్లో పెట్టుకుని రా. మా ఆంప్‌కి తగిలించి చూద్దాం. తీన్‌మార్ కూడా పెడదాం, నాబ్ మాత్రం నేనే తిప్పుతాను.

నీ
మామ