డబ్బా వెనక్కి తిప్పి చదవండి

సంపాదకుడు గారికి నమస్కారం.

పుట్టగొడుగుల టీ తాగితే మనసు తేలికపడుతుందని, ఇమ్యూనిటీ పెరుగుతుందని ఆరోగ్యం పేజీల్లో ఈమధ్య తరచుగా చదువుతున్నాం. అది ఏ జాతి పుట్టగొడుగో, దానిలో ఏ భాగమో, రోజుకు ఎన్ని గ్రాములో చెప్పేవారు మాత్రం తక్కువ. ఇవేవీ లేని సలహా ‘జ్వరమొస్తే ఏదో ఒక మాత్ర వేసుకోండి’ అన్నట్టే ఉంటుంది. మాలో ఒకరిది ఫార్మసీ, ఇంకొకరిది పుట్టగొడుగుల పెంపకం. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాం.

బజారులో ప్రధానంగా దొరికేవి రేషీ, లయన్స్ మేన్, కార్డిసెప్స్, చాగా, టర్కీ టెయిల్. రేషీని చైనాలో లింగ్‌జీ అంటారు. మన ఊళ్లకు అది గానోడెర్మా పేరుతో, గొలుసుకట్టు అమ్మకాల కాఫీ పొట్లాల్లో చేరింది. కోనసీమ కొబ్బరి రైతుకు ఈ పేరు వింటే ఒళ్లు మండుతుంది. కాండం మొదట్లో ఎర్రటి బంక కారి, వేళ్లు కుళ్లి, చివరికి చెట్టు మొదలును పట్టుకుని చెవిలాంటి గట్టి గొడుగు బయటికొచ్చే తెగులు ఇదే ప్రజాతి (దగ్గరి జాతుల గుంపు) శిలీంధ్రానిది. ‘మన తోటలోనే ఉండగా డబ్బా కొనడమెందుకు’ అని దాన్ని కోసి మరిగించకండి. పైకి ఒకేలా కనిపించే జాతులు చాలా ఉన్నాయి. పైగా తెగులు సోకిన చెట్టుకు వేరు ద్వారా శిలీంధ్రనాశినులు ఎక్కిస్తారు.

ముందు టీ సంగతి. రేషీ చెక్కలాగా గట్టిగా ఉంటుంది. దాని కణాల గోడ కైటిన్‌తో తయారైంది, రొయ్య పెంకులో ఉండేదీ అదే. కప్పు వేడినీళ్లలో టీబ్యాగు అయిదు నిమిషాలు ముంచితే నీళ్లకు రంగు వస్తుంది, అంతకుమించి వచ్చేది తక్కువ. బీటా గ్లూకాన్లు అనే పీచుపదార్థాలు బయటికి రావాలంటే కషాయం కాచినట్టు కాచాలి. ఎండు రేషీ ముక్కలు 5 గ్రాములు తూచి, లీటరు నీళ్లు పోసి, స్టీలు గిన్నెలో మూత ఓరగా పెట్టి, సన్నని సెగ మీద గంటన్నర నుంచి రెండు గంటలు మరగనివ్వాలి. అరలీటరుకు దిగాక పల్చటి గుడ్డలో వడకట్టి పొద్దున సగం, సాయంత్రం సగం తాగొచ్చు. అవే ముక్కల్ని రెండోసారీ కాచుకోవచ్చు. మిగిలింది ఫ్రిజ్‌లో రెండు రోజులకు మించి ఉంచవద్దు. చైనా అధికారిక ఔషధ గ్రంథంలో ఎండు రేషీ మోతాదు రోజుకు 6 నుంచి 12 గ్రాములు, కొత్తవారు అంత దూరం పోనక్కర్లేదు. చేదు బాగా ఉంటుంది, దానికి కారణం ట్రైటర్పీన్లు అనే పదార్థాలు. ఇవి నీళ్లలో కొద్దిగానే కరుగుతాయి, ఆల్కహాలులో బాగా దిగుతాయి. మంచి తయారీదారులు నీళ్లతో ఒకసారి, ఆల్కహాలుతో ఒకసారి సారం తీసేది ఇందుకే. రేషీ అని అమ్మిన పొడి నాలుక మీద వేసుకుంటే చేదు లేకపోతే అనుమానించాల్సిందే.

చెంచాతో కొలవడం దగ్గర చాలామంది పొరబడతారు. పొడి మెత్తదనాన్ని బట్టి ఒకే చెంచాలో ఒక గ్రామూ పట్టొచ్చు, మూడు గ్రాములూ పట్టొచ్చు. చిన్న డిజిటల్ కాటా ఉంటే మేలు.

క్యాప్సూల్ కొనేవారు డబ్బా వెనక్కి తిప్పి రెండు మాటలు వెతకాలి: ఫ్రూటింగ్ బాడీ, మైసీలియం. మొదటిది గొడుగు భాగం, రెండోది గొడుగు రాకముందు అల్లుకునే తెల్లటి దారాలు. పుట్టగొడుగులు పెంచేవారికి స్పాన్ పాకెట్ (విత్తన సంచి) తెలుసు. ఉడికించిన జొన్నల మీద దారాలు అల్లుకుని గింజలన్నీ తెల్లగా ముద్దకడతాయి. విదేశాల్లో కొన్ని కంపెనీలు గింజ మీద పెంచిన దారాల్ని గింజతో సహా ఎండబెట్టి, పొడి కొట్టి క్యాప్సూళ్లలో నింపుతాయి. అంటే స్పాన్ పాకెట్‌ను మిక్సీలో వేసినట్టే, ఆ పొడిలో చెప్పుకోదగ్గ భాగం గింజ పిండే. లేబుల్ మీద ‘పాలీశాకరైడ్లు 40 శాతం’ అని ఉంటే మోసపోకండి. చక్కెర అణువులు గొలుసులా కలిసిన ఏ పదార్థమైనా పాలీశాకరైడే. పిండీ పాలీశాకరైడే, పిండి నుంచి తీసి సారంలో కలిపే మాల్టోడెక్స్‌ట్రినూ ఆ లెక్కలోకే వస్తుంది. బీటా గ్లూకాన్ శాతం విడిగా ముద్రించిన డబ్బానే లెక్కలోకి తీసుకోండి. ‘10:1’ అన్న అంకెకు పది కిలోల ముడిసరుకు నుంచి కిలో సారం తీశారని మాత్రమే అర్థం, ఆ ముడిసరుకు ఎలాంటిదో ఆ అంకె చెప్పదు.

ఇంట్లో చేసుకోగలిగిన పరీక్ష ఒకటుంది. అర చెంచా పొడిని అర గ్లాసు నీళ్లలో రెండు నిమిషాలు మరిగించి పూర్తిగా చల్లారనివ్వండి. టించర్ అయోడిన్ మూడు నాలుగు చుక్కలు వేయండి. పక్కనే ఒక గ్లాసులో గంజి, ఇంకో గ్లాసులో ఉత్త నీళ్లు పెట్టుకుని వాటిలోనూ అన్నే చుక్కలు వేస్తే రంగు పోల్చుకోవచ్చు. నలుపు నీలం తిరిగితే పిండి ఉన్నట్టు. మరిగిస్తే పిండికి రంగు బాగా పడుతుంది, వేడి మీద వేస్తే వచ్చిన రంగూ పోతుంది. పరీక్ష అయ్యాక ఆ నీళ్లు పారబోయండి. రంగు మారలేదంటే సరుకు అసలైందని మాత్రం అనుకోవద్దు, మాల్టోడెక్స్‌ట్రిన్ చాలాసార్లు ఈ పరీక్షకు దొరకదు. అమెరికాలో కొన్న 19 రేషీ ఉత్పత్తుల్ని ప్రయోగశాలలో పరీక్షిస్తే లేబుల్‌కు తగ్గట్టు తేలినవి 5 మాత్రమే. ఆ ఫలితాలు 2017లో అచ్చయ్యాయి. అమెరికా నుంచి అబ్బాయి తెచ్చాడు కాబట్టి అసలుదే అయి ఉంటుందన్న ధీమా అక్కర్లేదు.

మనసుకు పనిచేస్తుందని ఎక్కువగా చెప్పేది లయన్స్ మేన్ గురించి. తెల్లటి జూలులా వేలాడే పుట్టగొడుగు ఇది, కూరగానూ వండుకుంటారు. 2009లో జపాన్‌లో స్వల్పంగా మతిమరుపు మొదలైన, 50 నుంచి 80 ఏళ్ల 30 మందితో చేసిన పరీక్షలో, దీని పొడి రోజుకు 3 గ్రాముల చొప్పున 16 వారాలు తీసుకున్నవారికి మార్కులు మెరుగుపడ్డాయి, ఆపిన నాలుగు వారాలకు తగ్గాయి. మరుసటి ఏడు అక్కడే 30 మంది మహిళలకు బిస్కెట్లలో కలిపి రోజుకు 2 గ్రాములు నాలుగు వారాలు పెడితే దిగులు, ఆందోళన కొంత తగ్గినట్టు కనిపించింది. 2023లో బ్రిటన్‌లో 41 మంది యువతీయువకులకు 1.8 గ్రాములు 28 రోజులు ఇచ్చారు. మొదటి మోతాదు తీసుకున్న గంటకు ఒక పరీక్షలో చురుకుదనం పెరిగింది, చివర్లో ఒత్తిడి తగ్గినట్టు ఉంది కానీ గట్టిగా చెప్పేంత తేడా రాలేదు. అన్నీ చిన్న పరీక్షలే. అయినా వీటి నుంచి ఒక తూకం దొరుకుతుంది: రోజుకు సుమారు 2 నుంచి 3 గ్రాములు, కనీసం నాలుగు వారాలు. మీ కాఫీ పొట్లంలో పంచదార, క్రీమరు పోను పుట్టగొడుగు ఎంతుందో రాశారా? రాయకపోతే ఈ పరీక్షలకూ ఆ కాఫీకీ సంబంధం లేదు. లయన్స్ మేన్ విషయంలో మైసీలియాన్ని పూర్తిగా కొట్టిపారేయలేం. నరాల మీద పనిచేస్తాయని చెప్పే ఎరినాసిన్లు ఉండేది దానిలోనే, గొడుగులో ఉండేవి హెరిసినోన్లు. తైవాన్‌లో పరీక్షించిన మైసీలియం గింజ పిండి కాదు, ఎరినాసిన్ ఎంతుందో కొలిచి తయారుచేసింది.

వాడి చూడాలనుకునేవారు ఒకసారి ఒకే రకం తీసుకోండి. అయిదారు పుట్టగొడుగులు కలిపిన క్యాప్సూల్‌తో దద్దుర్లు వస్తే దేనివల్లో తేలదు. మొదలుపెట్టే ముందు ఒక వారం రోజూ నిద్ర ఎన్ని గంటలు, మనసు పదికి ఎంత అని డైరీలో రాసుకోండి, తర్వాత పోల్చుకోవడానికి పనికొస్తుంది. మొదటి మూడు రోజులు సగం మోతాదు, పొద్దున టిఫిన్ తిన్నాక. కడుపుబ్బరం కైటిన్ వల్ల రావొచ్చు, మోతాదు తగ్గిస్తే సర్దుకుంటుంది. దురద, ఆయాసం వస్తే వెంటనే ఆపేయాలి. ఎనిమిది వారాలకు డైరీలో తేడా కనిపించకపోతే ఇక డబ్బు తగలేయకండి. పుట్టగొడుగు మొదలుపెట్టిన వారంలోనే కొత్త మందు గానీ కొత్త డైట్ గానీ మొదలుపెట్టవద్దు.

రెండు వారాలుగా దిగులు వదలకుండా, నిద్ర పట్టకుండా, దేనిమీదా ఆసక్తి లేకుండా ఉంటే టీతో పొద్దుపుచ్చవద్దు. థైరాయిడ్, బి12, హిమోగ్లోబిన్ చూపించుకోండి, శాకాహారుల్లో బి12 లోపం మామూలే. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడతారు. డిప్రెషన్ మాత్రలు వాడుతున్నవారు ‘సహజమైనది దొరికింది కదా’ అని వాటిని ఒక్కసారిగా మానేస్తే తల తిరగడం, ఒంట్లో షాక్ కొట్టినట్టు ఉండటం, తెగని ఆందోళన మొదలవ్వొచ్చు. మానాలంటే డాక్టరు చెప్పినట్టు మెల్లమెల్లగా తగ్గించుకోవాలి.

‘మనసు బాగుచేసే పుట్టగొడుగు’ అనగానే మ్యాజిక్ మష్రూమ్ గుర్తొచ్చేవారూ ఉంటారు. దానిలోని సైలోసైబిన్ అనే మత్తు పదార్థం, మాదకద్రవ్యాలను అదుపు చేసే మన ఎన్‌డీపీఎస్ చట్టం కింద నిషిద్ధం. పైన చెప్పిన వాటికీ దానికీ సంబంధం లేదు. 2024లో అమెరికాలో పుట్టగొడుగు చాక్లెట్లు తిని పలువురు ఆస్పత్రుల పాలయ్యారు. అక్కడ ఉంటున్న మన పిల్లలు మష్రూమ్ గమ్మీలు కొనేముందు అమానిటా (ఒక విషపు పుట్టగొడుగు), మస్సిమాల్ (దానిలోని మత్తు పదార్థం) అన్న మాటలు ఉన్నాయేమో చూసుకోవాలి.

ఇమ్యూనిటీకి వద్దాం. ఫ్లోరిడాలో 52 మంది ఆరోగ్యవంతులు ఎండు షీటాకే పుట్టగొడుగుల్ని రోజుకు 5 లేదా 10 గ్రాములు నాలుగు వారాలు వండుకుని తిన్నప్పుడు రోగనిరోధక కణాల తీరు మెరుగుపడింది. క్యాప్సూల్ లేదు, సారం లేదు, వంటింటి పుట్టగొడుగే. షీటాకేను పచ్చిగా, సగం ఉడికించి తింటే మాత్రం కొందరికి ఒంటిమీద కొరడాతో కొట్టినట్టు చారలు తేలతాయి. కారణం లెంటినాన్ అనే పదార్థం, బాగా ఉడికిస్తే ఆ బెడద ఉండదు. మనకు దొరికే ముత్యపుచిప్ప పుట్టగొడుగుల్లోనూ బీటా గ్లూకాన్లు ఉన్నాయి. బటన్ పుట్టగొడుగుల్ని ముక్కలు కోసి మిట్టమధ్యాహ్నం ఎండలో గంటసేపు పెట్టి వండుకుంటే వాటిలో డి2 విటమిన్ కూడా తయారవుతుంది. వారానికి మూడుసార్లు పుట్టగొడుగుల కూర తినే ఇంట్లో ఇమ్యూనిటీ క్యాప్సూల్ అవసరమని మేం అనుకోం.

క్యాన్సర్ దగ్గర మాటలు మరీ హద్దు దాటుతున్నాయి. వైద్య పరీక్షల ఫలితాల్ని కలిపి సమీక్షించే కొక్రేన్ సంస్థ రేషీ మీద 5 పరీక్షల్ని, 373 మంది రోగుల్ని కలిపి చూసింది. మొదటి చికిత్సగా దీన్ని సమర్థించే ఆధారం లేదని, అసలు చికిత్సకు తోడుగా ఆలోచించవచ్చని చెప్పింది. జపాన్‌లో టర్కీ టెయిల్ నుంచి శుద్ధి చేసిన మందు పీఎస్‌కేను కీమోథెరపీతో పాటు డాక్టర్లు రాశారన్నది నిజమే. అది తూకం తెలిసిన మందు, మీ చేతిలోని పొడి అది కాదు.

ఎవరు దూరంగా ఉండాలి? రేషీ రక్తాన్ని కొంత పలచన చేయగలదు, బీపీ తగ్గించగలదు. వార్ఫరిన్, క్లోపిడోగ్రెల్, ఆస్పిరిన్ వాడేవారు డాక్టరును అడగకుండా ముట్టుకోవద్దు. ఆపరేషన్ తేదీ పడితే రెండు వారాల ముందే ఆపి మత్తు డాక్టరుకు చెప్పాలి. కిడ్నీ, కాలేయం మార్పిడి చేయించుకుని టాక్రోలిమస్ లాంటివి వాడేవారికి ఈ పుట్టగొడుగులేవీ వద్దు. ఆ మందు రోగనిరోధక శక్తిని అణచడానికే ఇస్తారు, దాన్ని రెచ్చగొట్టేది పక్కనే తీసుకుంటే ఎలా? రోగనిరోధక శక్తి సొంత ఒంటి మీదే తిరగబడే లూపస్, కీళ్లవాతం ఉన్నవారికీ అదే మాట. గర్భిణులు, పాలిచ్చే తల్లులు వాడవద్దు. రేషీ కషాయం కన్నా పొడితో ఎక్కువ జాగ్రత్త. హాంకాంగ్, థాయ్‌లాండ్ వైద్యులు రాసిన కేసుల్లో చాలాకాలం కషాయం తాగినవారికి పొడికి మారాక కాలేయం దెబ్బతింది, ఒకరు చనిపోయారు. పొడి వాడేవారు మొదలుపెట్టే ముందు ఒకసారి, నెల తర్వాత మరోసారి కాలేయం పనితీరు చూపే రక్తపరీక్ష ఎస్‌జీపీటీ చేయించుకోవాలి. చాగాలో కిడ్నీల్లో రాళ్లు కట్టించే ఆక్సలేట్లు అనే లవణాలు చాలా ఎక్కువ. జపాన్‌లో 72 ఏళ్ల మహిళ రోజుకు నాలుగైదు చెంచాల చాగా ఆరు నెలలు తిని కిడ్నీలు పాడుచేసుకున్నారు. కిడ్నీలో రాళ్లున్నవారు, ఉద్దానం లాంటి కిడ్నీ జబ్బుల ప్రాంతంలో ఉన్నవారు చాగా జోలికే పోవద్దు.

ఇక లేబుల్ మీద చట్టం. ఆహార భద్రతను చూసే కేంద్ర సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఇచ్చే లైసెన్సు నంబరు 14 అంకెలుంటుంది. సప్లిమెంటు అయితే ‘వైద్యానికి వాడేది కాదు’ అన్న మాట ఇంగ్లిషులో ముద్రించి ఉండాలి. అదే డబ్బా చేతిలో పట్టుకుని షుగర్ తగ్గిస్తుంది, క్యాన్సర్ నయం చేస్తుంది అని ప్రకటిస్తే అది 1954 నాటి మ్యాజిక్ రెమెడీస్ చట్టానికి విరుద్ధం. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేయవచ్చు. బిల్లు, డబ్బా ఫొటో, అమ్మినవారి వాట్సాప్ మెసేజ్ దాచుకోండి.

మీ పత్రికకు ఒక విన్నపం. పుట్టగొడుగుల గురించి వ్యాసం వేసినప్పుడు జాతి, భాగం, తూకం, ఎవరికి పనికిరాదో ఒక్క వాక్యం ఉండేలా చూడండి. ఆ పేజీ కిందే వచ్చే గానోడెర్మా ప్రకటనకూ ఇదే కొలత పెట్టండి.

ఇట్లు,
ఇద్దరు పాఠకులు