జర్మన్‌ను తెలుగు మీదుగా నేర్పించాలి

సంపాదకులకు,

అయ్యా,

జర్మనీలో చదువుల గురించి పత్రికల్లో తరచుగా వస్తున్న వ్యాసాలలో అక్కడి ఖర్చుల కోసం ముందుగానే బ్లాక్డ్ అకౌంట్‌లో (నెలనెలా కొంత మాత్రమే తీసుకోనిచ్చే బ్యాంకు ఖాతాలో) వేయవలసిన సొమ్ము, మన చదువు పత్రాలు సరైనవేనని తేల్చే ఏపీఎస్ ధ్రువపత్రం, ట్యూషన్ ఫీజు లేని ప్రభుత్వ విశ్వవిద్యాలయాల వివరాలు విపులంగానే ఉంటున్నాయి గానీ, అక్కడికి వెళ్లేవారు జర్మన్ భాషను ఎక్కడ, ఎలా నేర్చుకుంటున్నారన్న సంగతి ఒకటి రెండు వాక్యాలతో తేలిపోతోంది. పంతొమ్మిదేళ్లుగా హైదరాబాద్‌లో డిగ్రీ, ఇంజినీరింగ్ విద్యార్థులకు జర్మన్ చెబుతున్నదాన్ని కనుక ఆ సంగతి గురించే రాస్తున్నాను.

ఉన్నత విద్యలో జర్మన్ మనకు కొత్తదేమీ కాదు. 1958లో ఇంగ్లిష్ బోధన కోసం హైదరాబాద్‌లో ఏర్పడిన కేంద్ర సంస్థ 1972లో జర్మన్, ఫ్రెంచ్, రష్యన్ భాషలను కూడా చేర్చుకొని సీఫెల్ అయింది. 2007లో కేంద్రీయ విశ్వవిద్యాలయంగా మారి ఇఫ్లూ అనిపించుకుంది. అక్కడ జర్మన్‌లో బీఏ నుంచి పీహెచ్‌డీ వరకు చదువుకోవచ్చు. అయితే ఆ సీట్లు కొద్ది. నా దగ్గరికి వచ్చే పిల్లలలో ఎక్కువమందికి ఈ భాష ఇంజినీరింగ్ కళాశాలలో ఐచ్ఛికంగానో, కోచింగ్ సెంటర్‌లోనో పరిచయమవుతుంది. లోగడ నేను పనిచేసిన ఒక కళాశాలలో జర్మన్‌కు శనివారం చివరి పీరియడ్ కేటాయించారు. మార్కులు లేవు, హాజరు మాత్రం వేసుకోవాలి. కాలేజీ బస్సు వెళ్లిపోతుందని పిల్లలు నేను బోర్డు మీద రాస్తుండగానే సంచులు సర్దుకునేవారు. వాళ్లను తప్పుపట్టలేను.

వేళకాని వేళ పాఠం పెట్టడం కన్నా పెద్ద చిక్కు మరొకటి ఉంది. జర్మన్‌ను మనం ఇంగ్లిష్ మీదుగా చెబుతున్నాం, పిల్లలు ఇంగ్లిష్ మీదుగానే తప్పులు చేస్తున్నారు. ‘నాకు చలిగా ఉంది’ అన్న మాటను జర్మన్‌లో రాయమంటే తరగతిలో ముప్పావు వంతు మంది ‘ఇష్ బిన్ కాల్ట్’ అని రాస్తారు. ఇంగ్లిష్ వాక్యంలో ‘నేను’ ఉంది కాబట్టి ఇక్కడా ‘నేను’ పెట్టేస్తారు. ఆ వాక్యం విన్న జర్మనీవాడికి ‘నేను మమకారం లేని మనిషిని’ అన్నట్టు తోస్తుంది. సరైన వాక్యం ‘మీర్ ఇస్ట్ కాల్ట్’. ‘మీర్’ అంటే నాకు, ‘ఇస్ట్’ అంటే ఉంది, ‘కాల్ట్’ అంటే చల్లగా. తెలుగులో ఆలోచించిన పిల్లవాడు తప్పు రాయడానికి వీలే లేదు. ‘నాకు ఈ పుస్తకం నచ్చింది’ అన్నచోట కూడా అంతే, నచ్చిన వస్తువు కర్త అవుతుంది, మనం ‘కు’ చేర్చుకొని పక్కకు తప్పుకుంటాం. (ఈ ‘కు’ను చతుర్థి అనాలా, మన వ్యాకరణంలో ఉన్నట్టు షష్ఠి అనాలా అన్న పేచీలోకి దిగితే గంట గడిచిపోతుంది కాబట్టి నేను తరగతిలో దాన్ని ‘కు విభక్తి’ అనే అంటాను.)

వాక్యంలో క్రియ ఎక్కడ రావాలన్నది మరో ఉదాహరణ. ‘వైల్ ఇష్ క్రాంక్ బిన్’ అన్న ఉపవాక్యంలో క్రియ చివరికి పోతుందని ఇంగ్లిష్‌లో వివరించడానికి ఒక పీరియడ్ పడుతుంది, అయినా పరీక్షలో దాన్ని మళ్లీ మధ్యలోకే లాక్కొస్తారు. అదే తెలుగులో మాటకు మాట పెట్టి చూపిస్తే ‘ఎందుకంటే నేను జబ్బుగా ఉన్నాను’ అన్న వాక్యం ఒక్క మాట కూడా అటూ ఇటూ కాకుండా కుదురుతుంది. ఇక ఆ భాషలోని పొడవాటి పదాలను చూసి బెదిరేవారికి తత్పురుష సమాసాలను గుర్తుచేస్తే చాలు: ఆసుపత్రిని వాళ్లు ‘రోగుల ఇల్లు’ అంటారు, చేతి తొడుగును ‘చేతిచెప్పు’ అంటారు. విగ్రహవాక్యం చెప్పడం పదో తరగతిలోనే నేర్చిన పిల్లలు వాటిని నవ్వుతూ విడగొడతారు.

తెలుగు అన్నిచోట్లా ఆదుకుంటుందని నేను అనను. నామవాచకానికి ముందు లింగాన్ని బట్టి చేర్చే డేర్ (పుం), డీ (స్త్రీ), డాస్ (నపుంసక)లలో ఏ నామవాచకానికి ఏది వస్తుందన్నది చాలావరకు బట్టీపట్టవలసిందే. ఆడపిల్ల అన్న అర్థమిచ్చే ‘మేట్‌షెన్’ నపుంసకలింగమని చెప్పినప్పుడు మాత్రం తరగతిలో ప్రతి ఏడూ గొడవ లేస్తుంది; ‘అమ్మాయి వచ్చింది, బస్సు వచ్చింది’ అని మనం ఒకే క్రియతో సరిపెడుతున్నామని చెబితే కాస్త సద్దుమణుగుతుంది.

మాస్టర్స్ కోర్సులు అక్కడ ఇంగ్లిష్‌లో కూడా ఉన్నాయి కదా, ఇంత శ్రమ ఎందుకని తల్లిదండ్రులు అడుగుతుంటారు. తరగతి గది వరకు ఆ మాట నిజమే. అద్దె ఒప్పందం, ఆరోగ్య బీమా వాళ్ల ఉత్తరం, చిరునామా నమోదు చేసే కార్యాలయం, పార్ట్‌టైమ్ ఉద్యోగం తరగతి గది బయట ఉంటాయి. నైపుణ్యం ఉన్న విదేశీ ఉద్యోగులకు ఇచ్చే బ్లూ కార్డు మీద పనిచేసేవారికి బీ1 స్థాయి జర్మన్ (భాషా స్థాయిలు ఏ1, ఏ2, బీ1, బీ2 అని వరుసగా పెరుగుతాయి) వస్తే మిగతా షరతులకు లోబడి 21 నెలలకు, ఏ1 మాత్రమే వస్తే 27 నెలలకు శాశ్వత నివాసానికి అర్హత లభిస్తుంది. నర్సులుగా వెళ్లేవారికి సాధారణంగా బీ2 వరకు రావాలి. వీరిలో తెలుగు మాధ్యమంలో చదివినవారు ఎందరో ఉన్నారు. జర్మన్ కోసం ముందు ఇంగ్లిష్ వ్యాకరణం నేర్చుకోవలసి రావడం వీరికి రెట్టింపు బరువు.

కాబట్టి నా మనవి రెండు రాష్ట్రాల ఉన్నత విద్యా మండళ్లకు, తెలుగు అకాడమీకి. ఇంజినీరింగ్, నర్సింగ్ కళాశాలల్లో జర్మన్‌ను కనీసం నాలుగు సెమిస్టర్లపాటు మార్కులు, క్రెడిట్లు ఉన్న పాఠ్యాంశంగా పెట్టాలి. ఉన్నత విద్యకు తెలుగులో పుస్తకాలు తేవడానికే 1968లో పుట్టిన అకాడమీ, ఇఫ్లూ అధ్యాపకుల సహకారంతో, తెలుగు వ్యాకరణం ఆధారంగా జర్మన్ నేర్పే పుస్తకాన్ని తయారుచేయించాలి. తరగతి కోసం తెలుగులో రాసుకున్న నోట్సు నా దగ్గర మూడు లాంగ్ నోటుబుక్కుల నిండా ఉంది. పని మొదలుపెట్టేవారు ఎవరైనా సరే, వాటిని జిరాక్సు తీయించి ఇవ్వడానికి సిద్ధంగా ఉన్నాను.

భవదీయ,
ఒక జర్మన్ అధ్యాపకురాలు,
హైదరాబాద్