అభిశంసన వేరు, అవిశ్వాసం వేరు

సంపాదకుల వారికి నమస్కారం.

అమెరికాలో వలసల విధానం మీద గొడవ రేగినప్పుడల్లా సంబంధిత మంత్రిని అభిశంసించాలన్న, అంటే నేరం మోపి విచారించి పదవి నుంచి తొలగించాలన్న, డిమాండు లేస్తోంది. అది మన అవిశ్వాస తీర్మానం లాంటిదేనని ఇక్కడ చాలామంది అనుకుంటున్నారు. ఆ రెండూ ఒకటి కావని కర్నూలువాసిగా మనవి చేయదలచాను.

1954 నవంబరులో, కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధానిగా ఉన్న రోజుల్లో, మద్యనిషేధం ఎత్తివేయాలన్న రామమూర్తి కమిటీ సిఫారసును ప్రభుత్వం ఒప్పుకోలేదన్న వివాదంలో వచ్చిన అవిశ్వాస తీర్మానం ఒకే ఒక్క ఓటు తేడాతో నెగ్గి, టంగుటూరి ప్రకాశం పంతులు గారి మంత్రివర్గం పడిపోయింది. గుడారాల్లో నడిచిన ఆనాటి కచేరీలో గుమాస్తాగా పనిచేసిన మా నాన్నగారు ఆ సంగతి చెప్పినప్పుడల్లా "పంతులు గారు ఓడిపోయారు" అనేవారే గాని, "తప్పు చేశారు" అన్న మాట ఆయన నోట ఎన్నడూ రాలేదు. మరుసటి ఏడాది ఎన్నికల్లో తీర్పు ప్రజలే చెప్పారు.

2024 ఫిబ్రవరి 13న అమెరికా ప్రతినిధుల సభ (దిగువ సభ) వలసలు, సరిహద్దుల బాధ్యత చూసే అప్పటి హోంలాండ్ సెక్యూరిటీ మంత్రి అలెహాండ్రో మయోర్కస్‌ను అభిశంసించినదీ ఒక్క ఓటు తేడాతోనే: 214, 213. కాని అక్కడ మోపినది నేరారోపణ. దేశద్రోహం, లంచగొండితనం, ఇతర ఘోర నేరాలకే అభిశంసన అని వారి రాజ్యాంగం చెబుతోంది. 1787లో రాజ్యాంగ సభలో "దుష్పరిపాలన" అన్న మాటను కూడా చేర్చాలని జార్జ్ మేసన్ ప్రతిపాదిస్తే, అంత అస్పష్టమైన మాట పెడితే పదవి, అభియోగాలను విచారించే ఎగువ సభ అయిన సెనేట్ దయాదాక్షిణ్యాల మీద ఆధారపడుతుందని జేమ్స్ మాడిసన్ అభ్యంతరం చెప్పారు. మేసన్ ఆ మాటను వదులుకున్నారు. అంతకుముందు ఆ దేశంలో అభిశంసనకు గురైన మంత్రి 1876 నాటి విలియం బెల్నాప్ ఒక్కరే. ఆయనపై వచ్చినది లంచం ఆరోపణ.

సమస్య చిన్నదని నేననను. 2023 ఆర్థిక సంవత్సరంలో మెక్సికో సరిహద్దులో అధికారులకు వలసదారులు తారసపడిన సందర్భాలు దాదాపు 25 లక్షలు. మా వీధిలోనే ఒక తల్లి, కూతురి వీసా స్లాటు కోసం రోజూ తెల్లవారుజామున ఫోను ముందేసుకుని కూర్చుంటోంది. అమెరికా వలస చట్టం ఎటు తిరిగితే ఆ ఇంటి బతుకు అటు తిరుగుతుంది. అందుకే ఆ చట్టం మీద చర్చ సవ్యంగా సాగాలన్నదే నా బాధ. విధానం నచ్చకపోతే చట్టం మార్చవచ్చు, నిధులు ఆపవచ్చు, ఎన్నికల్లో ఓడించవచ్చు. జరిగింది మరొకటి. ఫిబ్రవరి 6న అభిశంసనకు తొలి ప్రయత్నం వీగిపోయింది. ఆ మర్నాడే ఉభయ పార్టీల సభ్యులు కలిసి తయారుచేసిన సరిహద్దు బిల్లు సెనేట్‌లో ముందుకు సాగలేదు. అభిశంసన అభియోగాలు రెండింటినీ ఏప్రిల్ 17న సెనేట్ విచారణ లేకుండానే తోసిపుచ్చింది.

మన 75వ అధికరణ ప్రకారం మంత్రివర్గం లోక్‌సభకు ఉమ్మడిగా జవాబుదారీ. అభిశంసనను మన రాజ్యాంగం రాష్ట్రపతికే ఉంచింది, న్యాయమూర్తుల తొలగింపుకు దాదాపు అంతే కఠినమైన పద్ధతి పెట్టింది. దయచేసి మీ పత్రిక శీర్షికల్లోనైనా ఈ రెండు మాటలను కలిపివేయకుండా చూడవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
విశ్రాంత పౌరశాస్త్ర ఉపాధ్యాయుడు,
బి.క్యాంపు, కర్నూలు