అన్నిటికీ ‘దొంగ కొలువు’ అనకండి

సంపాదకులకు నమస్కారం.

రెండో ఉద్యోగం చేస్తూ దొరికిపోయిన సాఫ్ట్‌వేర్ ఉద్యోగుల వార్తకు మీరు ‘దొంగ కొలువులు’ అని శీర్షిక పెట్టారు. ఒక ఐటీ కంపెనీలో పేరోల్ (ఉద్యోగుల జీతాల లెక్కలు) చూసే ఉద్యోగినిగా ఆ మాట నన్ను బాధపెట్టింది. ఆదివారాలు ఆన్‌లైన్‌లో పాఠాలు చెప్పుకునేవాళ్లనీ, ఒకే పని గంటలకు రెండు కంపెనీల నుంచి జీతం తీసుకునేవాళ్లనీ అందులో ఒకే గాటన కట్టేశారు.

మా ఆఫీసుల్లో వీటికి వేరువేరు మాటలున్నాయి. సెలవు రోజు చేసుకునేది సైడ్ వర్క్. రెండు చోట్లా పూర్తి జీతం తీసుకుంటే డ్యూయల్ ఎంప్లాయ్‌మెంట్. పోటీ కంపెనీకి పనిచేయడం ఇంకా పెద్ద తప్పు. మూన్‌లైటింగ్, అంటే ఒక ఉద్యోగంలో ఉంటూ బయట ఇంకో పని చేయడం, అన్నప్పుడు ఇవన్నీ కలిసిపోతాయి.

2022లో విప్రో 300 మందిని తొలగించింది పోటీ కంపెనీలకు పనిచేశారనే. ఆ సంస్థ ఛైర్మన్ రిషద్ ప్రేమ్‌జీ అంతకుముందే మూన్‌లైటింగ్‌ను మోసమన్నారు. అయితే తొలగింపుల సంగతి చెప్పినప్పుడే, వారాంతంలో బ్యాండ్‌లో వాయించడం, వేరే ప్రాజెక్టు చేసుకోవడం లాంటివి కంపెనీతో బాహాటంగా మాట్లాడుకోవచ్చని కూడా అన్నారు. ఆ రెండో మాట ఎంతమందికి చేరింది? అదే ఏడాది స్విగ్గీ షరతులతో బయటి పనులకు అనుమతిస్తూ పాలసీయే తెచ్చింది.

ఒకే రోజు రెండు ఫ్యాక్టరీల్లో పని చేయించకూడదని, 2025 దాకా అమల్లో ఉన్న 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 60వ సెక్షన్ చెప్పేది. అది ఫ్యాక్టరీల సంగతి. మా వాళ్లకు ముఖ్యమైనది అపాయింట్‌మెంట్ లెటర్‌లో రాసిన షరతు. రెండు పూర్తికాలపు ఉద్యోగాలు చేసేవాళ్లు ఎక్కువకాలం దాచలేరు కూడా. పీఎఫ్‌కు ఒక మనిషికి ఒకే యూఏఎన్ (ఉద్యోగం మారినా మారని పీఎఫ్ నంబరు) ఉంటుంది కాబట్టి, ఒకే నెలకు రెండు సంస్థలు డబ్బు కడితే పాస్‌బుక్‌లో తెలిసిపోతుంది.

భయపడుతున్నది చిన్న పనులు చేసుకునేవాళ్లే. ‘‘మేడమ్, రాత్రిళ్లు అనువాదం చేసి డబ్బులు తీసుకుంటే ఉద్యోగం తీసేస్తారా?’’ అని మా జూనియర్ అమ్మాయి అడిగింది. హెచ్‌ఆర్‌కు మెయిల్ పెట్టి అనుమతి తీసుకోమన్నాను. ‘‘అడిగితే దొంగలా చూస్తారేమో’’ అంది. చెప్పి చేసుకోగలిగిన పనిని కూడా ఇలాంటి టెన్షన్‌తోనే దాచుకుంటున్నారు.

పని వేళల్లో చేశారా, పోటీ సంస్థకు చేశారా, అనుమతి అడిగారా అన్నది వార్తలో రాయండి. అది తేలేదాకా శీర్షికలో ‘రెండో ఉద్యోగం’ అంటే చాలు.

— ఒక పేరోల్ ఉద్యోగిని