గీజరు మరమ్మతు పేరుతో భద్రతా పరికరాలను తీసేయవద్దు

సంపాదకులకు నమస్కారం.

ధనుర్మాసం వచ్చిందంటే తిరుపతిలో తెల్లవారకముందే స్నానాలు మొదలవుతాయి, గీజర్లు బాగుచేసేవారికి ఊపిరాడనంత పని పడుతుంది. ఆ హడావుడిలో జరుగుతున్న ఒక ప్రమాదకరమైన పనిని మీ పత్రిక ద్వారా పాఠకుల దృష్టికీ, అధికారుల దృష్టికీ తేవాలని ఈ లేఖ రాస్తున్నాను. గీజరు పాడవుతోందని ముందుగా హెచ్చరించే భద్రతా పరికరాలనే తీసేసి, లేదా పనిచేయకుండా చేసి, గీజరు బాగైందని చెప్పి డబ్బు తీసుకుపోవడం మన ఊళ్లో మామూలైపోయింది.

మా వీధిలోని ఒక అద్దె ఇంట్లో గీజరు వేసిన కొద్దిసేపటికే ఆగిపోతుండేది. వచ్చిన మెకానిక్ కింది మూత విప్పి, వేడి హద్దు మీరితే కరెంటును ఆపే థర్మల్ కటౌట్‌కు వెళ్లే రెండు వైర్లను కలిపి మెలిపెట్టి, టేపు చుట్టి వెళ్లాడు. నీళ్లు కాగాయి, ఇంటివారు సంతోషించారు. చుక్కలు పడుతున్నాయని అంతకుముందే ఎవరో ఒత్తిడి పెరిగితే నీళ్లను బయటికి వదిలే సేఫ్టీ వాల్వు రంధ్రాన్ని మూసేసి ఉన్నారు. కొన్నాళ్లకు కుళాయి తిప్పితే చేతికి జుమ్మంటోందని ఆ ఇల్లాలు చెప్పగా, ఐటీఐలో ఎలక్ట్రీషియన్ విద్యార్థులకు పాఠాలు చెప్పి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ణి కాబట్టి నన్ను పిలిచారు. టెస్టరు పెడితే కుళాయి దగ్గరే వెలిగింది. ప్లగ్గుకు మూడు పిన్నులూ ఉన్నాయి గాని సాకెట్టు వెనుక, లీకైన కరెంటును భూమిలోకి పంపే ఎర్త్ వైరే లేదు. నీళ్లు కాచే ఎలిమెంటును బయటికి తీస్తే దాని గొట్టం చుట్టూ గుడ్డు పెంకులా పొరలు పొరలుగా ఊడివచ్చే తెల్లటి సున్నం, ఒకచోట నిలువునా చీలిక కనిపించాయి.

దీనికి మూలం మన నీళ్లలోనే ఉంది. కల్యాణి డ్యాం నీళ్లు, తెలుగుగంగ నీళ్లు కుళాయిల్లో వచ్చినా, చాలా కాలనీల్లో పైవాడకానికి ఇప్పటికీ బోరు నీళ్లే ఆధారం. చిత్తూరులోనూ బోర్ల మీద బతికే ఇళ్లు తక్కువేమీ కాదు. తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం నీటి కాఠిన్యం, అంటే నీళ్లలో కరిగిన సున్నంలాంటి లవణాలు, లీటరుకు 200 మిల్లీగ్రాముల వరకు ఉండవచ్చు, వేరే నీళ్లు దొరకనిచోట 600 వరకు ఒప్పుకుంటారు. అది తాగే నీటికి పెట్టిన హద్దే గాని, కాచే పాత్రలో పేరుకునే సున్నాన్ని దృష్టిలో పెట్టుకుని పెట్టింది కాదు. కాఠిన్యం ఉన్న నీటిని కాచిన ప్రతిసారీ కొంత సున్నం ఎలిమెంటుకు అంటుకుంటుంది, నీటి వేడిని నిర్ణయించే థర్మోస్టాట్‌ను గరిష్ఠానికి తిప్పి వదిలేస్తే మరింత వేగంగా అంటుకుంటుంది. ఆ పొర వల్ల వేడి నీటికి చేరక ఎలిమెంటు గొట్టమే విపరీతంగా వేడెక్కి చీలుతుంది, గొట్టం లోపల కరెంటు బయటికి రాకుండా ఆపే పొడిలోకి తేమ దిగుతుంది, కరెంటు గీజరు బాడీకి పాకుతుంది.

మోతాదుకు మించి కరెంటు లాగితే పడిపోయే ఎంసీబీ స్విచ్చి ఉంది కదా, అదే పడిపోతుందిలే అని చాలామంది ధీమాగా ఉంటారు. 2000 వాట్ల గీజరు మామూలుగానే దాదాపు 9 ఆంపియర్లు తీసుకుంటుంది. 16 ఆంపియర్ల ఎంసీబీకి, లీకయ్యే పదో వంతు ఆంపియరు ఒక లెక్కలోకే రాదు. తడి కాళ్లతో స్నానాలగదిలో నిలబడ్డ మనిషి ప్రాణం తీయడానికి మాత్రం అది చాలు. ఆ లీకును పట్టుకునేది 30 మిల్లీ ఆంపియర్ల లీకుకే కరెంటును కట్టేసే ఆర్‌సీసీబీ. అది మాటిమాటికీ పడిపోతుంటే లోపం గీజరులోనో వైరింగులోనో ఉందని అర్థం. అలాంటప్పుడు “ఊరికే పడిపోతోంది, తీసేద్దాం సార్” అని ఎవరన్నా దయచేసి ఒప్పుకోవద్దు.

వాల్వు సంగతి కూడా ఇంతే. 25 లీటర్ల ట్యాంకులో నీళ్లు 25 డిగ్రీల నుంచి 60 డిగ్రీలకు కాగితే సుమారు మూడో వంతు లీటరు పెరుగుతాయి. నీళ్లు వెనక్కి పోకుండా ఆపే వాల్వు ఉన్నచోట ఆ పెరిగిన నీళ్లు సేఫ్టీ వాల్వు గుండా చుక్కలుగా బయటికి రావడం సహజం. ఆ దారి మూసేసి, కటౌట్‌నూ తీసేసిన గీజరులో థర్మోస్టాట్ కూడా కరెంటు ఆపకుండా అతుక్కుపోయిందంటే, మరిగే నీటి ఒత్తిడి ట్యాంకు మీదే పడుతుంది. తలకు పైన వేలాడే ట్యాంకు విషయంలో ఇంత తెగింపు ఎలా వస్తుందో నాకు అర్థం కాదు.

నీళ్లు కాగడానికి మునుపటికంటే ఎక్కువసేపు పడుతున్నా, లోపల చిటపటమన్నా, తుప్పు రంగు నీళ్లు వస్తున్నా వెంటనే గీజరు కట్టేసి చూపించుకోవాలి. బోరు నీళ్లు వాడేవారు ఏడాదికొకసారి సున్నం తీయించి, మెగ్నీషియం రాడ్డును కూడా చూడమని అడగాలి. ట్యాంకు తుప్పు పట్టకుండా తాను కరిగిపోయేది ఆ రాడ్డే. ట్యాంకే కారుతుంటే మాత్రం అతుకులు వేయించకుండా ఐఎస్ 2082 ప్రకారం ఐఎస్ఐ గుర్తు ఉన్న కొత్త గీజరు పెట్టించుకోవడమే మంచిది.

అద్దెకుండేవారు ఎర్తింగ్ గురించి అడిగితే “మీ గీజరు, మీ ఖర్చు” అని ఇంటి యజమానులు అనడం నేను చాలాచోట్ల విన్నాను. గీజరు ఎవరిదైనా, గోడలోని ఎర్త్ వైరు బాధ్యత యజమానిదే. దక్షిణ ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థ ప్రధాన కార్యాలయం మన తిరుపతిలోనే ఉంది గనుక, కొత్త సర్వీసు ఇచ్చేటప్పుడూ, లోడు పెంచేటప్పుడూ ఎర్త్‌నూ ఆర్‌సీసీబీనీ లైన్‌మన్ స్వయంగా పరీక్షించే ఏర్పాటును ముందు ఇక్కడే గట్టిగా అమలు చేయాలని ఆ అధికారులను కోరుతున్నాను. తిరుపతి, చిత్తూరు నగరపాలక సంస్థలు వార్డులవారీగా బోరు నీటి కాఠిన్యాన్ని పరీక్షింపజేసి, ఫలితాలను వార్డు సచివాలయాల్లో అంటించాలి. గీజర్ల కంపెనీల సర్వీసు సెంటర్లు ఏ భాగం మార్చారో బిల్లులో తెలుగులో రాసి, తీసేసిన పాత భాగాన్ని ఇంటివారి చేతికివ్వాలి.

భవదీయుడు,
ఒక విశ్రాంత ఐటీఐ శిక్షకుడు,
బైరాగిపట్టెడ, తిరుపతి.