దోషం గింజలది కాదు, పెట్టెది

సంపాదకులకు,

వేడితో నడిచే శీతల యంత్రాలపై మీరు ఈ వారం ప్రచురించిన వ్యాసంలో శోషణ, అధిశోషణ అనే మాటలను ఒకే అర్థంలో వాడారు. శోషణ యంత్రంలో అమ్మోనియా నీటిలో కలిసిపోతుంది. అధిశోషణ యంత్రంలో నీరు ఆవిరవుతూ చల్లదనం ఇస్తుంది; ఆ ఆవిరి సిలికా జెల్ గింజల సూక్ష్మరంధ్రాల గోడలకు అంటుకుంటుంది, అంతే. కొత్త సంచుల్లో చిన్న పొట్లం కట్టి పెట్టే గింజలే అవి. ఒక కళాశాల ప్రయోగశాలలో అలాంటి యంత్రాన్ని తొమ్మిదేళ్లు కనిపెట్టుకుని ఉన్నవాణ్ణి కాబట్టి నాకీ పట్టింపు.

అసలు అభ్యంతరం వేరే ఉంది. సామర్థ్యం తక్కువ కావడానికి గింజలే కారణమని, కొత్త పదార్థం వస్తే అంతా చక్కబడుతుందని వ్యాసం తేల్చేసింది. మా యంత్రంలో గింజలు నింపిన రెండు పెట్టెలుండేవి. ఒకటి చల్లగా ఉండి ఆవిరిని పట్టుకుంటుంటే, రెండోదానికి 80 డిగ్రీల వేడినీళ్లు పంపి, అది పట్టుకున్న ఆవిరిని విడిపించేవాళ్లం. పది పదిహేను నిమిషాలకోసారి వాటి పనులు తారుమారు. మారినప్పుడల్లా గింజలతోపాటు రాగి గొట్టాలు, రేకులు, ఉక్కు పెట్టె అన్నీ 30 నుంచి 80కి ఎక్కాలి, మళ్లీ దిగాలి. ఆ లోహం చుక్క ఆవిరినైనా పట్టదు, వేడిలో మాత్రం వాటా తీసుకుంటుంది.

అందుకే పనులు మార్చే ముందు వేడి పెట్టెలోని నీటిని కాసేపు చల్లని పెట్టెలోకి మళ్లించాం. కొన్ని వాల్వులు, ఒక చిన్న పంపు చాలాయి. ఒక్క గింజ మార్చకుండానే వేడి ఖర్చు తగ్గింది. ఇంకో చిక్కూ ఉంది: గింజ రేకును తాకేది ఒక్క బిందువు దగ్గరే కనుక లోపలికి వేడి నెమ్మదిగా పాకుతుంది. జెల్‌ను పొడిచేసి రేకులకు పూతగా పూస్తే ఆ జాప్యం తగ్గుతుంది. పూత మరీ మందమైతే ఆవిరి దూరదు, అదో తలనొప్పి.

గింజల మీద నింద పడటం నాకు కొత్త కాదు. ఒకసారి చల్లదనం ఉన్నట్టుండి పడిపోయింది. జెల్ పాడైందని పరిశోధక విద్యార్థులు తీర్మానించారు. మొత్తం తీసి, ఆరబెట్టి, మళ్లీ నింపాం. ఫలితం లేదు. ఈ యంత్రంలో నీరు 7 డిగ్రీల దగ్గర మరగాలంటే లోపలి పీడనం వాతావరణ పీడనంలో నూరో వంతే ఉండాలి. కాస్త గాలి చొరబడినా ఆవిరికి దారి మూసుకుపోతుంది. మా యంత్రంలో గాలిని రానిస్తున్నది వాల్వు కాడ చుట్టూ ఉండే రబ్బరు వలయం!

కంప్రెసర్ యంత్రం గుణకం (తీసుకున్న శక్తికి ఎన్ని రెట్లు చల్లదనం ఇస్తుందన్న లెక్క) 3, దీనిది 0.5 అని వ్యాసంలో పోల్చడమూ సరికాదు. అది తినేది విద్యుత్తు, ఇది తినేది ఇంజన్లు బయటికి వదిలేసే వేడి.

కొత్త పదార్థాలు వద్దనడం లేదు. ఈసారి అలాంటి వార్త వేసేటప్పుడు గింజల బరువెంత, పెట్టె బరువెంత అని పరిశోధకులను అడిగి, ఆ రెండు అంకెలూ పక్కపక్కన అచ్చువేయండి.

— ఒక విశ్రాంత ప్రయోగశాల టెక్నీషియన్