మెగ్నీషియం పార్టుల మీద పొక్కులు: ఏం జరిగింది, ఏం చేస్తున్నాం

పాత కార్ల మెగ్నీషియం పార్టులకు మా దగ్గర ఫినిషింగ్ చేయించుకున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ఈమధ్య మేం ఇచ్చిన వాల్వ్ కవర్లు, చెయిన్ కవర్లు కొన్నింటి మీద పెయింట్ కింద తెల్లగా పొక్కులు లేచాయి. "చవక ప్రైమర్ కొట్టి ఉంటారు" అని ఒక పాత కస్టమర్ అన్నారు. ఆ మాట నాకింకా గుచ్చుకుంటూనే ఉంది. ప్రైమర్ మారలేదు, వేసే చేయీ మారలేదు. తేడా వచ్చింది బ్లాస్టింగ్‌లో, అంటే పెయింట్‌కు ముందు గరుకు రేణువులను గాలి ఒత్తిడితో కొట్టి పార్టును శుభ్రం చేసే పనిలో.

ఆ పని బయట ఒకాయన దగ్గర చేయించేవాళ్లం. మన పార్టులకు కొత్త అల్యూమినియం ఆక్సైడ్ గ్రిట్ (కొట్టే రేణువులు) మాత్రమే వాడాలని, అది మరే లోహానికీ తగలకూడదని మొదటి నుంచీ మాట. పొక్కుల సంగతి అడిగితే ఆయన తాపీగా "పాత మెగ్నీషియం కదండీ, అలాగే ఉంటుంది" అన్నారు. నేనే వెళ్లి, ఆయన మెషీన్‌లోంచి గుప్పెడు గ్రిట్ తీసి, కాగితం మీద పోసి అయస్కాంతం తిప్పాను. అల్యూమినియం ఆక్సైడ్ అయస్కాంతానికి అంటుకోదు. అలాంటిది, అయస్కాంతానికి గడ్డం మొలిచింది. ఉక్కు పార్టులు కొట్టిన గ్రిట్‌తోనే మనవీ కొట్టారన్నమాట. అప్పుడు కూడా ఆయన తప్పు ఒప్పుకోలేదు. అక్కడితో ఆయనకు, మాకు చెల్లు.

ఆ ఇనుప రేణువులు మెగ్నీషియంలో దిగబడిపోతాయి. తేమ తగిలితే చాలు, రెండు లోహాల మధ్య కరెంటు నడుస్తుంది, తినుకుపోయేది మెగ్నీషియమే. అప్పుడు పుట్టే హైడ్రాక్సైడ్‌కు చోటు ఎక్కువ కావాలి, అందుకే పెయింట్‌ను పైకి నెట్టేస్తుంది. పైన ఎంత మంచి ఎపాక్సీ పెయింట్ వేసినా లాభం లేదు.

ఇక నాకు నిద్ర లేకుండా చేసిన విషయం. ఇనుము పోవాలంటే పైపొరను యాసిడ్‌లో కరిగించాలి, సుమారు 0.05 మిల్లీమీటర్ల మందం. కవర్లకు అది లెక్కలోకి రాదు. గాస్కెట్ కూర్చునే ముఖాలు మూసేసి ముంచుతాం. ఇంజన్‌లో క్రాంక్‌షాఫ్ట్‌ను పట్టి ఉంచే పెద్ద పెట్టె, క్రాంక్‌కేస్, దాని సంగతి వేరు. బేరింగ్ కూర్చునే రంధ్రంలో, అంటే బోర్‌లో, చుట్టూ 0.05 పోతే వ్యాసం 0.1 పెరుగుతుంది, ఇక ఆ బోర్ పనికిరాదు. బోర్లు మూసేసి, అంటే మాస్కింగ్ చేసి, ముంచొచ్చని మా కుర్రాళ్లు, ముంచితే పని త్వరగా తెమిలిపోతుందని కస్టమర్లు. మాస్కింగ్ అంచు కింద యాసిడ్ కాస్త పాకితే? పాత బీటిల్‌కో, డెబ్బైల నాటి పోర్షె 911కో ఒరిజినల్ కేస్ పోతే మళ్లీ తెచ్చివ్వడం నా వల్ల కాదు. చాలా ఊగిసలాడి, ముంచకూడదనే నిర్ణయించాను. క్రాంక్‌కేస్‌లకు బయటి గోడల మీద మాత్రమే, చేత్తో, కొంచెం కొంచెంగా యాసిడ్ పట్టించి కడుగుతాం. ఆలస్యమవుతుంది. మొండితనం అనుకున్నా సరే.

బ్లాస్టింగ్ ఇక మా షెడ్డులోనే, మెగ్నీషియం కోసమే పెట్టిన క్యాబినెట్‌లో. ఈ లోహపు దుమ్ముకు నిప్పంటుకుంటే నీళ్లు చల్లకూడదు, హైడ్రోజన్ పుట్టి మంట ఇంకా రేగుతుంది. ఆ ఏర్పాట్లన్నీ పూర్తయ్యేదాకా కొత్త ఆర్డర్లు తక్కువే తీసుకుంటాం. బ్లాస్ట్ చేసిన రోజే ప్రైమర్ పడాలన్న మా పాత నియమం అలాగే ఉంటుంది.

ఆయన దగ్గర బ్లాస్ట్ అయిన ప్రతి పార్టూ మా పుస్తకంలో రాసి ఉంది, ఆ కస్టమర్లకు మేమే ఫోన్ చేస్తాం. పొక్కు కనబడకపోయినా పంపండి, లోపల ఉన్నది కంటికి కనబడదు. మళ్లీ చేసినందుకు డబ్బు తీసుకోం, ఇంజన్ నుంచి విప్పి బిగించే ఖర్చూ మాదే. బిగించేటప్పుడు ఉక్కు బోల్టుల కింద మేం ఇచ్చే అల్యూమినియం వాషర్లు తప్పకుండా వేయించండి. "ఇవెందుకు" అని మెకానిక్ పారేస్తే బోల్టు చుట్టూ ఇదే కథ మళ్లీ మొదలవుతుంది, అప్పుడు మాత్రం బిల్లు వేస్తాను.